తలవంచి చూసే కెమెరా

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, బెంగళూరులో సైన్యం ఉండే దండు ప్రాంతంలో పాత సామాన్ల అంగడి ఒకదానిలో జయరామప్ప కెమెరాలు చూస్తున్నాడు. పత్రికకు వీధి ఫోటోలు తీసేవాడు. అతని పెద్ద కెమెరా కనబడగానే జనం బిగుసుకుపోయేవారు. భార్య సుశీల అయితే చెంగుతో ముఖం కప్పేసుకునేది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. రెండేళ్ల కిందట విషజ్వరంతో పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. ఈమధ్య ఆమె ముఖం సరిగా గుర్తుకు రావడం లేదు.

అంగడి యజమాని లక్ష్మీనారాయణ ముందుగా మడత కెమెరా తెరిచాడు. దాని ముడతల తోలుతిత్తి కిర్రుమంది. జయరామప్ప వద్దన్నాడు.

"అయితే ఈ రెండు కళ్లది తీసుకోప్పా. పొట్టకానించుకోని పైనుంచి అద్దంలో చూసేది. ఫిల్ము వెడల్పు, ముఖాలు బాగా పడతాయి. సద్దుండదు. నువ్వు తలొంచుకోని నిలబడితే, ఏందో పారేసుకోని వెతుకుతుండాడు పాపం అనుకుంటారు."

లక్ష్మీనారాయణ నవ్వాడు. జయరామప్ప నవ్వలేదు. అదే కొన్నాడు.

సాయంత్రం చిక్కపేటలో పూల అంగడికి పక్కగా తిరిగి నిలబడి, కెమెరాను మాత్రం దానివైపు తిప్పి, తల వంచాడు. చదరపు అద్దంలో మల్లెల బుట్టలు, జట్కా చక్రం... సుశీల.

చెంగు కప్పుకోలేదు. నేరుగా చూస్తోంది.

తల తిప్పాడు. అంగడి ముందు ఆమె లేదు. అద్దంలో మాత్రం ఉంది. ఒక్కసారి మీట నొక్కి ఇంటిదారి పట్టాడు.

ఫోటోలు కడిగే గదిలో ఎర్రదీపం. మందుల పులుపు వాసన. తొట్టిలో కాగితం ఊపుతుంటే ముందు కనుబొమలు తేలాయి. తర్వాత పెదవులు...

"వచ్చినావా?" అన్నాడు.

ఆమె చంకలో ఇంకేదో తేలింది. బిడ్డ. ఏడాదిన్నర ఉంటుందేమో. అద్దంలో చూసినప్పుడు చంక ఖాళీగానే ఉండింది. వాళ్లకు పిల్లలు లేరు. కానీ ఆ దొప్ప చెవులు జయరామప్పవి.

జ్వరంలో సుశీల అన్న మాట గుర్తొచ్చింది. "మీకొకటి చెప్పల్ల... ముందు జొరం దిగనీ."

దిగలేదు.

ఫిల్ములో ఆ పక్కనే ఇంకో బొమ్మ ఉంది. అతను నొక్కింది ఒక్కసారే. దాన్నీ అచ్చువేశాడు.

అదే పూల అంగడి. సుశీల నోరు తెరిచి ఏడుస్తోంది. రెండు చేతులూ కెమెరా వైపు చాచింది.

చంకలో బిడ్డ లేదు.

మందుల వాసన తగ్గింది. పాల వాసన... బల్ల కింద మెత్తటి అలికిడి.

మోకాలి ఎత్తున, ఎవరో అతని పంచె పట్టుకొని, మెల్లగా లేచి నిలబడుతున్నారు.