పది గంటల టింగు

పదింటికి ఇంకా రెండు నిమిషాలుందనగా కోడలు హెడ్‌ఫోన్ తగిలించుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, వేళ్లు విరుచుకుంది. హాల్లో ఆమె మావగారు ఫోను స్టూలుకి ఎదురుగా కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నారు. పదింటి నుంచి పదకొండింటి దాకా ఫోను ముట్టుకోనని ఆయన నిన్ననే మాటిచ్చారు. తన చేతుల మీద తనకే నమ్మకం లేనట్టుంది.

కోడలిది చెవులతో చేసే ఉద్యోగం. ఎక్కడో ఒక బడిలో టీచరు పాఠం చెబుతుంటే ఇక్కడ ఇంట్లో కూర్చుని విని, విన్నది విన్నట్టు టైపు చేస్తుంది. ఆ అక్షరాలు అక్కడ వినికిడి లేని పదకొండు మంది పిల్లల తెరల మీద పడతాయి. ఈమె ఆగితే వాళ్లకి పాఠం ఆగినట్టే. ఈ నెలలో అప్పటికే అయిదుసార్లు ఆగింది. ప్రతిసారీ పదీ పదీ అయిదు మధ్యనే.

గడియారం పది చూపించింది. టీచరు గొంతు సవరించుకుంది.

"కప్ప గుండెలో మూడు గదులుంటాయి. మరి మన గుండెలో..."

హాల్లోంచి చిన్నగా టింగుమని వినిపించింది. తెర మీద టీచరు నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

కోడలు హెడ్‌ఫోన్ లాగేసి విసురుగా వచ్చింది. "ఫోనెత్తారా మావయ్యా?"

"ఎత్తలేదమ్మా. ఇవిగో చేతులు, నువ్వే చూడు."

"మరి ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"టింగుమంది కదా."

"బల్లి అయ్యుంటుంది."

"బల్లి టింగుమంటుందా?"

ఆయన గోడ వైపు చూశారు. గోడకి అవతల కుట్టుమిషను ఆగి ఉంది. కాసేపటికి మళ్లీ గరగరమని మొదలైంది. ఆ ఇంట్లో ఉండేది ఆయన సొంత తమ్ముడే. టైలరు, పెళ్లి చేసుకోలేదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని, మధ్యలో గోడ కట్టుకుని, మాటలు మానేసి పదకొండేళ్లు. కోడలి అత్తగారు పోయిన రోజున కూడా టైలరు గేటు దాకా వచ్చి, గేటు పట్టుకుని కాసేపు నిలబడి వెళ్లిపోయాడని ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటారు.

నాలుగు నిమిషాలకి లైను తిరిగొచ్చింది. పావుగంటకి బడి నుంచి కబురు కూడా వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. రేపు కూడా ఆగితే మాత్రం ఈ తరగతి ఇంకొకరికి ఇవ్వక తప్పదన్నారు. చివర్లో టీచరు తన మాటగా ఒక వాక్యం కలిపింది. మన గుండెలో ఎన్ని గదులని పిల్లలు బోర్డు మీద రాసి అడిగారట.

కోడలు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. హాల్లోకి, గదిలోకి, వాకిట్లోకి తిరుగుతూనే ఉంది. గిన్నె తోముతూ మధ్యలో వదిలేసి మోడెం మీది దీపం చూసి వచ్చేది. భర్త బస్సు డ్రైవరు, దూరం రూటు. రెండు రోజులకి గాని రాడు. ఫోనులో చెబితే "నాన్ననే అడుగు, లైన్ల సంగతి ఆయన కంటే ఎవరికి తెలుసు" అన్నాడు. అసలు చిక్కు అక్కడే ఉందని అతనికి తెలియదు.

పెద్దాయన టెలిఫోను లైన్ల మేస్త్రిగా ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. ఆ వీధిలో ప్రతి ఇంటి రాగి తీగా ఆయన చేతి మీదుగా వెళ్లిందే. మొన్న ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు వీధి చివర పెట్టె దాకా కొత్తగా ఫైబర్ తెచ్చారు. ఆ పెట్టె నుంచి ఇళ్లలోకి మాత్రం పాత రాగి తీగలనే వాడుకున్నారు. ఇంటింటి ముందూ తవ్వే పని తప్పింది, వేగం కూడా బాగా వచ్చింది. ఆ వారమంతా మేస్త్రిగారు నేల మీద నడవలేదు. "అంత గొప్ప గాజు తీగ, ఆఖరికి నా రాగి గుమ్మం దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుని దాటించమంది" అని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పారు. వీధిలో అందరికీ అరవై ఎంబీల వేగం వచ్చింది. ఒక్క ఆయన ఇంటికే పదకొండు. అదీ పదింటికి తెగిపోతుంది.

మర్నాడు ఎనిమిదిన్నరకి టెక్నీషియన్ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు పెద్దాయన దగ్గరే పని నేర్చుకుంది.

"మేస్త్రిగారూ, మీ ఇంటికి నేను రిపేరుకి రావడమేంటండీ, చోద్యం కాకపోతే" అంటూ మీటరు తగిలించింది. తెర మీద గీత సాఫీగా వెళ్లి ఒక చోట గొయ్యిలా దిగింది. ఆమె కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది.

"ఈ లైనుకి కొమ్మ ఉందండీ."

"కొమ్మంటే?" కోడలు అడిగింది.

"అసలు తీగ నుంచి చీలి ఇంకో తీగ ఎటో పోతోందమ్మా. దాదాపు పద్నాలుగు మీటర్లు. మాటలు మాట్లాడుకున్నంత కాలం దానితో ఇబ్బంది లేదు. ఈ కొత్త వేగానికి మాత్రం అదే అడ్డం. ఇంటర్నెట్ దాంట్లోకి పోయి, చివరిదాకా వెళ్లి, తిరిగి ఎదురొస్తుంది. ఆ చివర ఫోను ఉండి, ఎవరైనా ఎత్తితే లైను పూర్తిగా పడిపోతుంది కూడా."

"మీటరు పాడైంది" అన్నారు పెద్దాయన.

"నిన్ననే సరిచూశారండీ దీన్ని."

"అయితే చూసినవాడికి పని రాదు. నేను వేసిన లైనుకి కొమ్మలుండవు. నా సర్వీసులో ఇలాంటి దొంగ కొమ్మలు ఎన్ని కోశానో నీకు తెలీదా? పక్కనే నిలబడి చూశావుగా."

టెక్నీషియన్ ఆయన మొహం చూసింది. తర్వాత కోడలి మొహం చూసి, బండిలో ఏదో మర్చిపోయానంటూ బయటికి వెళ్లింది. ఏమీ మర్చిపోలేదని ముగ్గురికీ తెలుసు.

తొమ్మిది దాటింది. గోడ అవతల మిషను నడుస్తోంది. కోడలు ఫోను స్టూలు పక్కకి జరిపి, నేల మీద మోకాళ్లేసుకుని, గోడ వెంట తీగని వేలితో తడుముకుంటూ వెళ్లింది. బీరువా వెనక్కి పోయింది తీగ. బీరువా ఒక్కతే తోసింది. అక్కడ తీగ గోడలోకి దిగింది. పంపకాలప్పుడు కట్టిన గోడలోకి.

ఆమె అలా నేల మీదే కూర్చుండిపోయింది. "మీకు తెలుసు."

ఆయన చేతులు మళ్లీ తొడల కింద పెట్టుకున్నారు.

"వారం రోజులుగా పిచ్చిదానిలా తిరుగుతున్నాను మావయ్యా. మోడెం మార్పించాను. మిక్సీ ఆపాను, ఫ్రిజ్ ఆపాను. ఎదురింటివాళ్లని టీవీ కట్టెయ్యమని అడిగి మాటలు పడ్డాను. మీరు చూస్తూ కూర్చున్నారు. నా ఉద్యోగం పోతే పోయింది. ఆ పిల్లలు నా అక్షరాల కోసం చూస్తూ కూర్చుంటారు, అది కూడా మీకు అక్కర్లేదా? బల్లి అన్నారు నాతో."

"కోసేస్తారమ్మా" అన్నారాయన. "చెప్తే కోసేస్తారు. నేనైతే కోసేవాణ్ని."

తర్వాత ఒక్కొక్క మాటే చెప్పారు. ఇంటి ముందుగదిలో టైలరు షాపు పెట్టుకుంటానన్నాడు తమ్ముడు. గుమ్మానికి పరాయివాళ్ల లంగాలూ లాగూలూ వేలాడితే పరువు పోతుందన్నాడు అన్న. నీ పరువుకి అంత చిరుగుంటే తీసుకురా, అతుకు వేస్తానన్నాడు తమ్ముడు. ఆ మాట మీదే ఇల్లు రెండైంది. నీ ఫోను తీగ కూడా నా ఇంట్లోంచి తీసుకుపో అన్నాడు తమ్ముడు. తీసేశానని చెప్పారీయన. కటింగ్ ప్లేయరు తీగ మీద పెట్టారు కూడా. చెయ్యి నొక్కలేదు. ఆ తీగ చివర పాత రెండో ఫోను అవతలే ఉండిపోయింది.

"రెండు నెలల తర్వాత ఒకరోజు, రోజూలాగే పదింటికి ఊళ్లో ఉన్న మా అక్కయ్యతో మాట్లాడుతుంటే లైనులో టిక్కుమంది. ముప్పై ఏళ్లు విన్న చప్పుడు, నాకు తెలీదా? అవతల వాడు ఎత్తాడు. పెట్టెయ్యలేదు, మాట్లాడలేదు. నేనూ తెలియనట్టే ఊరుకున్నాను. మర్నాడూ అంతే. అప్పట్నుంచి అక్కయ్యతో అన్నీ కొంచెం గట్టిగా చెప్పడం అలవాటు చేసుకున్నాను. మోకాలు నొప్పి, మీ అత్తయ్య జబ్బు, నీ పెళ్లి, అన్నీ. అక్కయ్యేమో నాకు చెవుడనుకుంటుంది."

కోడలికి కోపం పోలేదు. కోపంలోనే కళ్లు నిండాయి. అదేమిటో ఆమెకే అర్థం కాలేదు. "మొన్నట్నుంచి మీరు పదింటికి ఫోను చెయ్యడం మానేశారుగా. మరి ఆయన?"

"వాడికి ఎవరు చెప్పారు? పదింటికి ఎత్తుతున్నాడు. వాడెత్తితే ఇక్కడ గంట టింగుమంటుంది. ఏమీ వినబడక పెట్టేస్తున్నాడు." ఆయన మొహం తిప్పుకున్నారు. "పోయాననుకుంటున్నాడేమో వెధవ."

గుమ్మం దగ్గర టెక్నీషియన్ దగ్గింది. ఎంతసేపటి నుంచి ఉందో ఏమో. "మేస్త్రిగారూ, మీ కాలంలో కొయ్యడం ఒక్కటే దారి. ఇప్పుడు కొయ్యక్కర్లేదు" అంటూ సంచిలోంచి అరచేతిలో పట్టే తెల్ల డబ్బా తీసింది. "ఇది మాటలని ఒక దారిన, ఇంటర్నెట్‌ని ఒక దారిన పంపిస్తుంది. మాటలు ఎన్ని కొమ్మలుగా పోయినా ఇంటర్నెట్ జోలికి రావు. మొదటిరోజే చెప్పుంటే పావుగంట పని."

కోడలు మావగారి వైపు చూసిన చూపు ఆయన జన్మలో మర్చిపోరు.

"కాకపోతే లైను చీలకముందే పెట్టాలి. వీధి లైను ఇంట్లోకి వచ్చే మొదటి పెట్టె ఎక్కడుందండీ?"

ఆయన గోడ వైపు చూపించారు. పంపకాల్లో ఆ పెట్టె తమ్ముడి వరండాలోకి పోయింది.

టైము తొమ్మిదిన్నర. "వాళ్లు ఒప్పుకోకుండా నేను అడుగు పెట్టకూడదు" అంది టెక్నీషియన్. నేను వెళ్లి అడుగుతానని కోడలు చెప్పుల్లో కాలు పెట్టి, మళ్లీ తీసేసింది.

"కాదు మావయ్యా. మీరే అడగాలి."

"గుమ్మంలోకి రానివ్వకపోతే?"

"గుమ్మం దాకా ఎందుకు?" ఆమె ఫోను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

పెద్దాయన రిసీవరు చెవికి ఆనించుకుని కూర్చున్నారు. ఏ నంబరూ నొక్కలేదు. పది దాకా ఆగే వ్యవధి లేదు. కోడలు లేచి, బీరువా వెనక గోడ మీద అరచేత్తో దబదబా బాదింది. అవతల మిషను ఆగింది. చాలాసేపటికి లైనులో టిక్కుమంది.

"ఒరేయ్" అన్నారాయన. రిసీవరు రెండో చెవికి మార్చుకున్నారు. మళ్లీ మొదలుపెట్టారు. "ఒరేయ్ చిన్నోడా, నేనే. బతికే ఉన్నాను. ఫోను ఎందుకు మానానంటే, అమ్మాయి ఉద్యోగం... నీ వరండాలో పెట్టె ఉంది కదా. దాంతో పనిబడింది."

అవతల చప్పుడు లేదు. కోడలు ఆయన భుజం పట్టుకుంది. అప్పుడు రిసీవరులోంచి బొంగురు గొంతొకటి, పక్కనున్నవాళ్లకి కూడా వినబడేలా, విసుక్కుంటూ వచ్చింది.

"అక్క చెప్పిన ఆ నూనె రాయకని ఎన్నిసార్లు అనుకున్నాన్నేను. మోకాలు అందుకే వాస్తోంది నీకు. నడవగలవా, నేను రానా?"

ఆయన నడిచే వెళ్లారు. నిజానికి పరిగెత్తినంత పని చేశారు. వెనకే కోడలు, టెక్నీషియన్. తలుపు అప్పటికే బార్లా తెరిచి ఉంది. మెడలో టేపు వేసుకున్న సన్నటి ముసలాయన గుమ్మంలో నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా వరండా మూలకి చెయ్యి చూపించాడు.

అక్కడ గోడకి పెట్టె కనబడలేదు. నీలం రంగు రెయిన్‌కోటు గుడ్డతో కుట్టిన చిన్న చొక్కా కనబడింది. పెట్టెకి సరిగ్గా కొలిచి కుట్టినది. పైన నీళ్లు జారిపోయేలా మడత, కింద తీగ వచ్చే చోట అంచు కుట్టిన చిన్న రంధ్రం, ముందు నాలుగు గుండీలు.

పదకొండు వానాకాలాలు వీధిలో అందరి లైన్లూ చెడ్డాయి. మేస్త్రిగారి లైను ఒక్కసారి కూడా చెడలేదు. అది నా చేతి జాయింటురా అని ఆయన వీధంతా చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు.

"ఏటా వానలకి ముందు కొత్తది కుడతాను" అన్నాడు తమ్ముడు, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "ఇది పదకొండోది."

"నాలుగు పక్కలా కుట్టేస్తే ఇంకా గట్టిగా ఉండేది కదరా. గుండీలెందుకు?"

"నువ్వెప్పుడైనా వస్తే విప్పుకోవాలి కదా" అన్నాడతను.

పెద్దాయన గుండీలు విప్పబోయారు. ఒక్కటీ రాలేదు. అన్నకి కళ్లనీళ్లలో ఏమీ కనబడటం లేదని తమ్ముడే వచ్చి విప్పాడు.

పదింటికి టీచరు గొంతు సవరించుకుంది. కోడలు వేళ్లు విరుచుకోలేదు. అంత టైము లేదు, చెప్పులు కూడా విప్పకుండానే కూర్చుంది. మన గుండెలో నాలుగు గదులుంటాయని ఆమె టైపు చేసింది. అంతలో హాల్లో టింగుమంది. ఆమె వేళ్లు ఒక్క క్షణం బిగుసుకున్నాయి. తెర మీద టీచరు చెయ్యి ఊపుతూనే ఉంది, అక్షరాలు పడుతూనే ఉన్నాయి. చెంపల మీదికి జారినవి తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గోడకి ఇవతల ఒక గొంతు, అవతల ఒక గొంతు నూనె గురించి ఒకేసారి అరుస్తున్నాయి. ఫోనులో అక్కయ్య వాళ్లిద్దరి కంటే గట్టిగా అరుస్తోంది.

"రెండోవాడెవడ్రా? ఇద్దరూ ఒక్కసారే మాట్లాడితే నాకేం వినబడుతుంది?"