పేరు పిలిస్తే రావాలి

ఉషారాణి ఇంట్లో కుక్కలకి అన్నం పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. గిన్నెలన్నీ నింపి వెనక వరండా గట్టు మీద వరసగా పెట్టుకుంటుంది. ఒక్కో పేరూ పిలుస్తుంది. పిలిచిన కుక్క వచ్చి ముందు కూర్చోవాలి. అప్పుడే గిన్నె కింద పెడుతుంది. తక్కినవి చొంగ కార్చుకుంటూ చూడాలే తప్ప కదలకూడదు. అవన్నీ రోడ్ల మీద, సంతల్లో, లారీల కింద బతికి బయటపడ్డ కుక్కలు. అన్నం దగ్గర ఈ క్రమం లేకపోతే ఒకదాని పీక ఒకటి పట్టుకుంటాయి.

ఇంకో నియమం కూడా ఉంది. పేరు పిలిచి తిట్టకూడదు. పేరు పిలిచి పొమ్మనకూడదు. తరమాలంటే చప్పట్లు కొట్టు, చీపురు చూపించు, పేరు మాత్రం ఎత్తకు. పేరంటే కుక్కకి ఒక్కటే అర్థం కావాలి: రా. తన దగ్గర కోలుకున్న కుక్కల్ని పెంచుకోవడానికి తీసుకెళ్ళే వాళ్ళకి ఉషారాణి మొట్టమొదట చెప్పే మాట ఇదే.

రాయగడ అవతలి కొండల్లో, లక్ష్మీపూర్‌లో వాళ్ళది పాత పెంకుటిల్లు. భర్త ఢిల్లీశ్వరరావు రైల్వేలో పట్టాల పని చూసే ఇంజనీరు. వానాకాలం వస్తే కొండరాళ్ళు ఎక్కడ జారిపడతాయోనని అతను ఇంట్లో కంటే సొరంగాల దగ్గరే ఎక్కువ ఉంటాడు. అతని అక్క రామతులసి పోయినేడు పాలకొండ నుంచి నెల్లాళ్ళుండి పోదామని వచ్చి, కుక్కల్ని తిడుతూ తిడుతూనే ఇక్కడ ఉండిపోయింది.

ఆ సాయంత్రమూ అతను ఇంట్లో లేడు. మధ్యాహ్నం పోయిన కరెంటు ఇంకా రాలేదు. కొండ మీద నుంచి మబ్బు దిగి పెరడంతా నిండిపోయింది. బట్టలుతికే బండ దాకా కూడా చూపు ఆనడం లేదు. తడిసిన కుక్కల వాసన, ఉడికిన రాగిజావ వాసన, కోడికాళ్ళ నీచు. ఎక్కడో రాయగడ రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ ఎక్కుతోంది. ఉషారాణి లాంతరు మేకుకి తగిలించి గిన్నెలు నింపింది.

వంటింటి గుమ్మంలో రామతులసి నిలబడింది. చీర కొంగులో ఏదో మూట కట్టుకుని గుండెకి అదుముకుంది.

"మా తమ్ముడికి ఏ రోజైనా ఇలా పేరెట్టి పిలిసి అన్నం ఎట్టేవా?" అంది.

"పిలవగానే వచ్చి కూర్చోమనండి వదినా, పెడతాను."

"కూకుంటాడు గానీ, ఆడికి కోడికాళ్ళు పడవు."

ఉషారాణి నవ్వుతూనే మొదలుపెట్టింది. "కంపౌండర్!" పశువుల ఆసుపత్రి దగ్గర దొరికిన ముసలి కుక్క వచ్చి కూర్చుంది. "జిలేబీ!" "మేస్త్రీ!" "బుల్లెట్!" మోటారుసైకిలు కింద కాలు పోగొట్టుకున్న బుల్లెట్ మూడు కాళ్ళ మీద గెంతుతూ వచ్చాడు. ఆమె చేతిలోకి ఆఖరి గిన్నె వచ్చింది. సొట్ట పడిన అల్యూమినియం గిన్నె.

"సుక్రీ!"

పిలిచాక గానీ ఏం పిలిచిందో ఆమెకే తెలియలేదు.

ఇక్కడి జనం పిల్లలకి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టినట్టే, శుక్రవారం సంతలో దొరికింది కాబట్టి ఆ కుక్క సుక్రి అయింది. చూలుతో వచ్చి, వంటింట్లో అట్టపెట్టెలో నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటికింకా కళ్ళు తెరుచుకోలేదు. మొన్న ఉదయం రోడ్డు దాటుతుంటే లారీ కొట్టేసింది. బండ వెనక గొయ్యి తవ్వి, ఉప్పూ పసుపూ వేసి, నక్కలు తవ్వకుండా రాయి పెట్టింది ఉషారాణే.

"ఎవర్ని పిలిసేవు?" రామతులసి గొంతు తగ్గింది.

"అలవాటు కొద్దీ వచ్చేసింది వదినా. గిన్నె కూడా నింపేశాను చూడండి. పోనీ, బుల్లెట్ తింటాడులే."

గిన్నె కింద పెట్టింది. బుల్లెట్ తినలేదు. తన గిన్నెలోంచి కూడా మూతి ఎత్తేశాడు. కంపౌండర్, జిలేబి, మేస్త్రి... అన్నీ తినడం ఆపేశాయి. అన్నీ బండ వైపు చూస్తున్నాయి. ఒక్కటీ మొరగడం లేదు. కాసేపటికి తోకలు ముడుచుకుని, అన్నం వదిలేసి, ఒకదాని వెనక ఒకటి ముందు గదిలోకి పోయాయి. ఆ ఇంట్లో కుక్క అన్నం వదలడం ఉషారాణి ఎప్పుడూ చూడలేదు.

"దుమ్ములగొండి వచ్చిందేమో," అంది. టార్చి తీసి రెండడుగులు వేసి బండ మీదికి వేసింది. రామతులసి కూడా గుమ్మం దిగి ఆమె పక్కకి వచ్చింది. టార్చి వెలుగు మబ్బుకి తగిలి వెనక్కి వచ్చేస్తోంది. తడి బండ. తడి రాయి. ఏమీ లేదు.

అప్పుడు వాళ్ళ వెనక చప్పుడు. గిన్నెలో నాలుక ఆడుతున్న చప్పుడు. తాపీగా, తొందర లేకుండా.

ఇద్దరూ తిరగలేదు. తిరగడానికి ఒళ్ళు రాలేదు. చప్పుడు ఆగింది. తిరిగి చూసేసరికి సొట్ట గిన్నె కడిగినట్టు ఉంది.

ఇంకో సంగతి రామతులసికే ముందు తట్టింది. "ఉషా... పిల్లలు ఏడవడం నేదు."

రెండు రోజులుగా ఆ పిల్లలు ఊరుకున్న క్షణం లేదు. పాలపొడి కలిపి సిరంజితో పోస్తే ఉమ్మేశాయి. సీసా పెడితే మొహం తిప్పేశాయి. పొద్దుట్నుంచి ఏడుపు సన్నబడుతూ వచ్చింది. ఉషారాణి లాంతరు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. గుమ్మం దగ్గర ఎర్రమట్టి అడుగులు. అవి బండ వైపు నుంచి వచ్చి, ఇందాక ఇద్దరూ నిలబడ్డ చోట ఆమె చెప్పుల జాడకీ రామతులసి చెప్పుల జాడకీ మధ్య నుంచే, రెండు జానల ఎడంలోంచి, లోపలికి వెళ్ళాయి.

పెట్టెలో మూడు పిల్లలు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. కడుపులు డోళ్ళలా ఉన్నాయి. మూతుల చుట్టూ పాలు.

"ఓలమ్మో! తాగేయే!" అంది రామతులసి. "ఏ ఈది కుక్కో పాలిచ్చి పోయింది. దాని కడుపు సల్లగుండ."

ఉషారాణి ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. వెంటనే వదిలేయబోయి, పట్టుకుంది.

వాగులోంచి తీసిన రాయిలా ఉంది. ఊపిరి ఆడుతోంది. నోరు చప్పరిస్తోంది. కానీ చల్లగా ఉంది. తక్కిన రెండూ అంతే. థర్మామీటరు పెడితే అంకె రాలేదు. వేడినీళ్ళ సీసాకి పాత మేజోడు తొడిగి పక్కన పెట్టింది. సీసా చల్లబడింది గానీ పిల్లలు వేడెక్కలేదు. ఒళ్ళు చల్లబడిన కుక్కపిల్ల పాలు అరిగించుకోలేదని ఆమెకి తెలుసు. గంటల్లో పోవాలి. ఇవి హాయిగా నిద్రపోతున్నాయి.

"నాలుగోదేదీ?"

రామతులసి కొంగు విప్పింది. అన్నిటికంటే చిన్నది, కాళ్ళు తెల్లగా ఉన్నది, సాయంత్రం నుంచీ ఆమె గుండెల దగ్గరే ఉంది. కుక్కల వాసనకి కడుపులో తిప్పుతుందని రోజూ తిట్టే మనిషి దాన్ని అందించింది. ఎముకల గూడు. వణుకుతోంది. కానీ వెచ్చగా ఉంది.

ఉషారాణి దాన్ని స్వెటరు లోపల పెట్టుకుంది. వంటింటి తలుపు గడియ పెట్టింది. కిటికీ రెక్కలు మూసింది.

"దీనికి పట్టించలేదు," అంది. "దీనికోసం మళ్ళీ వస్తుంది."

"ఈది కుక్క అన్నాను కదేటి."

"వీధి కుక్కయితే మన బుల్లెట్ ఊరుకునేవాడా వదినా?"

రామతులసి పీట లాక్కుని పొయ్యి పక్కన కూర్చుంది.

ఢిల్లీశ్వరరావు ఫోను ఒక్కసారి కలిసింది. పట్టాల మీద బండ పడిందట, తెల్లారితే గానీ రాలేడట. "అక్కని పడుకోమను," అంటూండగానే తెగిపోయింది. ఉషారాణి పాలపొడి కలిపింది. చెంపకి ఆనించి వేడి చూసుకుంది. చుక్క చుక్కగా పిల్ల పెదవుల మీద వేసింది. కారిపోయాయి. మళ్ళీ వేసింది. ఈ పిల్లని తన చేత్తో, తన పాలతో, వెచ్చగా తెల్లారేదాకా లాక్కురావాలి. అంతకు మించి ఆమె ఇంకేమీ ఆలోచించదల్చుకోలేదు.

వాన మొదలైంది. పెంకుల మీద సన్నగా. ముందు గదిలో కుక్కలన్నీ మంచం కింద ఒకదాని మీద ఒకటి దూరాయి. వాటి వగర్పు వినిపిస్తోంది.

వాన కాసేపు ఆగింది. అప్పుడు...

గర్... గర్...

తలుపు అడుగున. రెండుసార్లు గీకి ఆగింది.

రామతులసి చెయ్యి వచ్చి ఉషారాణి మోచేతిని పట్టుకుంది. ఇద్దరికీ తెలుసు. సుక్రి ఎప్పుడూ అలాగే గీకేది. రెండుసార్లు. ఆ తర్వాత మర్యాదగా కూర్చుని ఎదురుచూసేది.

గర్... గర్...

తలుపు సందులోంచి వాసన వచ్చింది. తడి మన్ను. పసుపు.

"అమ్మీ," అంది రామతులసి గుసగుసగా, "తియ్యి తలుపు. తల్లి కదా... పాలిచ్చి పోద్ది. నేకపోతే ఇది తెల్లారీదాకా ఉండదు."

"ఆ మూడింటినీ ఓసారి పట్టుకోండి."

రామతులసి పెట్టెలో చెయ్యి పెట్టింది. కాలినట్టు వెనక్కి తీసుకుంది.

"అవి బతికున్నాయంటారా వదినా?"

రామతులసి చేతిని చీరకి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

గర్... గర్...

బయట సొట్ట గిన్నె నేల మీద ఈడ్చుకుంటూ తలుపు దాకా వచ్చిన చప్పుడు. స్వెటరు లోపల పిల్ల తల ఎత్తింది. కళ్ళు తెరవని మొహం తలుపు వైపు తిరిగింది. సన్నగా ఒక్క కూత కూసింది.

తలుపు అవతల అంతే సన్నగా బదులు వచ్చింది.

"పిలిసింది నువ్వు," అంది రామతులసి. పెదవులు మాత్రమే కదిలాయి. "నువ్వే పొమ్మను."

ఉషారాణి చప్పట్లు కొట్టింది. గీకుడు ఆగలేదు. చీపురు తీసి తలుపు మీద బాదింది. ఆగలేదు. పిల్ల మళ్ళీ కూసింది. గడియ దానంతటదే కదులుతోంది... కొద్దికొద్దిగా... ఆమె భుజం ఆనించి నొక్కిపట్టింది. కర్ర తలుపులోంచి చలి ఎముకల్లోకి దిగింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. గొంతు పగిలిపోయేలా అరిచింది.

"సుక్రీ! పో... పో సుక్రీ!"

గీకుడు ఆగిపోయింది.

గడియ కదల్లేదు. వాన లేదు. కుక్కల వగర్పు కూడా లేదు.

అప్పుడు ఆమెకి స్ఫురించింది. ఎన్నాళ్ళుగా ఎంతమందికి చెప్పిన మాట. పేరంటే ఒక్కటే అర్థం. సుక్రికి ఇంకో అర్థం ఆమె నేర్పనే లేదు.

రెండుసార్లు పిలిచింది.

మెడ వెనక తడిగా ఏదో తగిలింది. చల్లటి ముక్కులాంటిది. చూసింది. తలుపు గడియ పెట్టే ఉంది. వెనక ఎవరూ లేరు. రామతులసి పీట మీద కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

పిల్ల వణుకు మానింది. ఉషారాణికి ఉన్నట్టుండి గొప్ప నిద్ర వచ్చింది. పెట్టె పక్కనే నేల మీద ముడుచుకుని పడుకుంది.

తెల్లారింది. కిటికీ సందుల్లోంచి తెల్లటి వెలుగు. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. రాత్రి అడుగులు ఎండిపోయాయి, కొత్త అడుగులు లేవు. సీసాలో పాలు మీగడ కట్టి అలాగే ఉన్నాయి.

స్వెటరు లోపల పిల్ల నిద్రపోతోంది. కడుపు డోలులా ఉంది. ఉషారాణి దాని మీద అరచెయ్యి వేసి చూసింది. వెచ్చగానూ లేదు, చల్లగానూ లేదు. తన చెయ్యిలాగే ఉంది.

స్వెటరు ముందు భాగమంతా తడి. పిల్ల పోసి ఉంటుంది అనుకుంది. వాసన చూసింది. కాదు. పాలు.

రామతులసి టీ పెట్టి గ్లాసు అందించింది. "సెయ్యి కాల్తాది, కొంగుతో పట్టుకో." ఉషారాణి వట్టి చేత్తోనే పట్టుకుంది. గ్లాసు చుట్టూ వేళ్ళు బిగించింది. వదినగారు ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

ఉషారాణి ముందు గది గుమ్మంలోకి వెళ్ళి పిలిచింది. "బుల్లెట్! ఒరే బుల్లెట్!" రోజూ ఆమె కాళ్ళ మీద పడుకునే కుక్క. మంచం కిందనుంచి చూశాడు. వీపు మీద వెంట్రుకలు లేచాయి. మూడు కాళ్ళ మీద వెనక్కి, గోడ దాకా, వెనక్కి... "కంపౌండర్! జిలేబీ!" ఒక్కటీ రాలేదు.

వంటింట్లో అట్టపెట్టె మాత్రం కదిలింది. మూడు పిల్లలూ అంచు ఎక్కి, కళ్ళు మూసుకునే, ఆమె వైపు పాకుతున్నాయి.

రామతులసి వెనక తలుపు తీసింది. ఆ సొట్ట గిన్నెని సుక్రి మీద పెట్టిన రాయి కిందే పాతిపెట్టేస్తే గానీ ఆవిడకి నిమ్మళం లేదు. గట్టు కింద, తలుపు వెనక వెతికింది. బండ దగ్గర దొరికింది.

"ఇదిగో, సుక్రి గిన్నె ఇక్కడుంది!" అని కేకేసి వరండా వైపు తిరిగింది.

ముందు గది గుమ్మంలో ఉండాల్సిన ఉషారాణి వరండా మీద ఉంది. నేల మీద, ఎప్పుడూ సుక్రి కూర్చునే చోట, చేతులు ముందుకి ఆన్చి కూర్చుంది. అక్కడికి ఎలా వచ్చిందో తెలియనట్టు అయోమయంగా వదినగారి మొహంలోకి చూసింది. తర్వాత ఆమె చేతిలోని గిన్నె వైపు చూసింది.

రామతులసి గిన్నె కింద పెట్టలేదు.