తోక తెగిన గీతరెక్క

మధ్యాహ్నం షిఫ్టులో నలభై మూడో గాజుడబ్బీ అహల్య బల్ల మీదికి వచ్చింది. లోపల గోరంత సీతాకోకచిలుక రెక్కలు మూసుకుని కూర్చుంది. రెక్కల అడుగున వెంట్రుకంత తెల్లగీత. గీతరెక్కే, సందేహం లేదు. యంత్రం రెప్పపాటులో తీర్పు చెప్పేసింది: తోకలు లేవు, విరిగిన అచ్చుపురుగు, కరిగించవచ్చు. ఇక అహల్య వేలిముద్ర పడటమే మిగిలింది. ఎంత యంత్రమైనా చివరికి ఓ మనిషి వేలు పడాలని చట్టం.

మారేడుమిల్లి కొండల్లో పూతను కాయగా మార్చేవి ఇప్పుడు అచ్చుశాలలో తయారైన అచ్చుపురుగులే. గుడ్డులోంచి పుట్టిన అసలు పురుగు, గుడ్డుపురుగు, ఒక్కటి దొరికినా చాలు, కొండను అచ్చుశాలకు అప్పగించరు. వెతుకులాటకు గడువు ఈ సాయంత్రంతో సరి. ఆ ఒక్కదాని కోసమే అహల్య ఇరవై రెండేళ్లుగా ఈ కుర్చీ అరగదీస్తోంది.

ఈ డబ్బీ తెచ్చింది మాత్రం నిన్నగాక మొన్న చేరిన మంగవేణి.

"ఇది గుడ్డుపురుగేనండి, అక్కగారూ. తోకలు విరగలేదు, పిట్ట పొడిచిందండి."

అహల్య డబ్బీని విసురుగా దగ్గరికి లాక్కుంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? మూడు నెలలుగా పైఅధికారి నోట ఈ పిల్ల మాటే.

"యంత్రం కన్నా నీ కళ్లే గొప్పవా?"

"ఏమోనండి. మా అమ్మ చూపించేది. ఇది వెనక తోకల్ని మీసాల్లాగా ఆడిస్తదండి. పిట్ట అదే తలకాయనుకుని పొడిచేస్తది. తోక పోయినా పేణం దక్కుద్ది. మరి అచ్చుపురుగుని ఏ పిట్టైనా ముడతదాండీ?"

ముట్టదు. ఆ సంగతి అహల్యకూ తెలుసు. సొరుగులోంచి భూతద్దం తీసి, దుమ్ము తుడిచి చూసింది. రెండు రెక్కల మీదా ఒకే చోట ముక్కుగాటు. తోకలు పోయినా పురుగు వెనకరెక్కలను పైకీ కిందికీ రుద్దుతూనే ఉంది.

కరిగింపు మీట నొక్కితే మంగవేణి గొప్ప అక్కడితో సరి, ఎవరికీ తెలియదు. నొక్కాలనే ఉంది అహల్యకు, దాచడమెందుకు? వేలు మీట దాకా వెళ్లింది కూడా. తోకల్లేవని యంత్రం అంటే చూడకుండా వేలేసినవి ఎన్నో అప్పుడు గుర్తుకొచ్చాయి. వేలు పక్క మీటకు జరిగింది.

గుడ్డుపురుగు.

పట్టినవారి పేరు అడిగింది యంత్రం. చెయ్యి కాసేపు మొరాయించింది. చివరికి మంగవేణి అని రాసింది. కొండ అప్పగింత ఆగినట్టు తెర మీద పడింది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: ఇలాంటి ముక్కుగాటు ఉన్నవాటి పాత తీర్పులు తిరిగి తెరవాలా?

అంతవరకూ ఎవరూ అవునని చెప్పని ప్రశ్న అది. అహల్య అవునంది.

పక్క గదిలో పురుగుల్ని కరిగించే కొలిమి హోరు ఆగిపోయింది. తెర మీద గీతరెక్కలు వరసగా దిగసాగాయి, అన్నీ తోకలు తెగినవే, అన్నీ కరిగించినవే. ప్రతిదాని కిందా అహల్య వేలిముద్ర.

"ఇన్నాండీ, అక్కగారూ!" అంది మంగవేణి.

"ఇన్నీ," అంది అహల్య. కళ్లు తెర మీది నుంచి తిప్పుకోలేకపోయింది. "నీకన్నా ముందు నా చేతికే వచ్చాయే, పిల్లా."