మారు ఎగుమతి ముత్యాలు

మా చింగ్‌లాంకి కోపం తెప్పించాలంటే మామూలు మనుషుల వల్ల కాదు. హోక్‌మన్ మాత్రం లిఫ్టు దిగి, తడి గొడుగు ఎక్కడ పెట్టాలో తేల్చుకునేలోపే తెప్పించాడు.

హాంకాంగ్‌లో హుంగ్ హోమ్ అనే పేటలో ఎనిమిదో అంతస్తు గది అది, ముత్యాల వ్యాపారి పూన్ గారిది. చైనా వైపు నుంచి ముత్యాలు సంచులతో వస్తాయి. నేను కిటికీ దగ్గర కూర్చుని రంగులు ఏరి పెడతాను. నా మనవరాలు చింగ్‌లాం వాటిని పట్టుదారానికి గుచ్చి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి వేస్తుంది. ఆ హారాల్ని పూన్ గారు ఇటలీకి పంపుతారు.

హోక్‌మన్ సర్కారు లెక్కల ఆఫీసు కుర్రాడు. సరుకు ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్మారు అని వ్యాపారుల్ని అడిగి రాసుకోవడం అతని పని. మన గుమ్మంలోంచి బయటికెళ్లిన ప్రతి గిన్నెలోదీ మన పొయ్యి మీద వండిందేనా? పక్కింటి నుంచి వచ్చి, మన చేతుల మీదుగా ఎదురింటికి పోయేదీ ఉంటుంది. అలాంటి సరుకుని మారు ఎగుమతి అంటారట. అందులో మన ఊరికి మిగిలేదెంతో తేల్చాలట.

అతను ఒక హారాన్ని వెలుతురుకి తిప్పి చూసి, "అయితే ఇందులో మీరు మార్చిందేమీ లేదన్నమాట" అన్నాడు.

చింగ్‌లాం సూది ఆపింది. "పొద్దుట్నుంచి నేను కళ్లు పొడుచుకుంటున్నది మీకు కనబడలేదా?"

"అది కాదండీ. దారం తెంపితే మళ్లీ చైనా నుంచి వచ్చిన ముత్యమే కదా. సరుకు రూపం శాశ్వతంగా మారితేనే ఇక్కడ తయారైనట్టు."

"మీరు జుట్టు దువ్వుకొచ్చారు. అదీ శాశ్వతం కాదు. మరి దువ్వుకోవడం ఎందుకు?"

అతని చెయ్యి తడిసిన జుట్టు మీదికి పోయింది. నేను నవ్వు ఆపుకోలేక ముత్యాల లెక్క తప్పాను.

అతను వెళ్లగానే పూన్ గారు నెత్తి బాదుకున్నారు. ఆ కుర్రాడు 'ఇక్కడ తయారైంది' అని ఒక్క మాట రాస్తే, పెట్టెల మీద హాంకాంగ్ ముద్ర వేసుకుని ధర పెంచుకోవచ్చని ఆయన ఆశ. అమ్మాయిని బతిమాలారు, బెదిరించారు. ఈసారి వస్తే టీ ఇవ్వు, నీ నోటికి తాళం వెయ్యి అన్నారు.

అతను రానే వచ్చాడు. చింగ్‌లాం పాలు ఎక్కువేసిన చిక్కటి టీ, పక్కన బేకరీ నుంచి తెప్పించిన తియ్యటి కోడిగుడ్డు టార్టు పెట్టింది. ఆ కుర్రాడు అడగాల్సిన ప్రశ్న మర్చిపోయి వెళ్లాడు. అది అడగడానికి మళ్లీ వచ్చాడు. తర్వాత అట్టపెట్టెల ఖర్చు అడగడానికి వచ్చాడు. ఆ తర్వాత దారం ధర అడగడానికి వచ్చాడు. నా ఇంత వయసులో పన్నులవాళ్లు కూడా ఎవర్నీ దారం ధర అడగ్గా నేను చూడలేదు.

వచ్చినవాడు ఒకచోట కూర్చోడు. కిటికీ దగ్గరికి పోతాడు, వాన చూస్తాడు, సంచి తెరుస్తాడు, మూస్తాడు. ఇక్కడ ఈ పిల్లా అంతే. లిఫ్టు మోగితే తల ఎత్తుతుంది. మెట్ల మీద అడుగు వినిపిస్తే ముడి జారవిడుస్తుంది. ఒకే హారాన్ని విప్పి మళ్లీ గుచ్చుతూ కూర్చుంటుంది.

ఒకరోజు అడిగేశాను. ఆ కుర్రాడంటే ఇష్టమేనా అని.

"నా ఇష్టం సంగతి వదిలెయ్ అమ్మమ్మా. నెలాఖరుకి అతని లెక్క ముగుస్తుంది. కాగితం పని అయిపోయాక ఎందుకొస్తాడు?"

అదే వారం లిఫ్టు దగ్గర అతనూ నా దగ్గర నసిగాడు. చింగ్‌లాం టీ ఇచ్చేది ఆ ముద్ర కోసమేనని తనకి తెలుసన్నాడు, ఇంకేదో అనబోయి మింగేశాడు. లిఫ్టు వచ్చి వెళ్లిపోయినా అక్కడే నిలబడ్డాడు.

నెలాఖరు రోజు కుండపోతగా వాన. రాడనుకున్నాం. వచ్చాడు, సంచి లేకుండా.

"రాసి ఇచ్చేశాను" అన్నాడు పూన్ గారితో. "మారు ఎగుమతి అనే రాశాను."

పూన్ గారి మొహం వాడిపోయింది.

"ఇంకో మాట. నేనేం రాసినా మీ ముద్రకి సంబంధం లేదు. ఆ ముద్రకి అనుమతి ఇచ్చే ఆఫీసు వేరు. నా అంకె వేల అంకెల్లో కలిసిపోతుంది, మీ పేరు కూడా అందులో కనబడదు. టీ ఇచ్చిన మొదటిరోజే చెప్పాల్సింది."

"మరెందుకు చెప్పలేదయ్యా?"

అతను చింగ్‌లాం వైపు చూడకుండా చెప్పాడు. "చెబితే టీ ఆగిపోతుందని."

పూన్ గారు ఇన్నాళ్ల టార్టుల ఖర్చు గొణుక్కుంటూ గోదాములోకి పోయారు. చింగ్‌లాం తల ఎత్తలేదు. ఒక ముత్యం గుచ్చింది, ఇంకోటి గుచ్చింది. అతను గొడుగుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వెళ్తానన్నాడు. వెళ్లలేదు.

"కూర్చోండి" అంది చివరికి. "మీరు రెండోసారి వచ్చి వెళ్లిన మర్నాడే ఆ ముద్ర ఇచ్చే ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను. వాళ్లూ ఇదే చెప్పారు."

అతను ఒక అడుగు ముందుకేశాడు. "మరి పూన్ గారికి చెప్పలేదేం?"

"చెబితే టీ మానిపించేస్తారని."

బయట వాన దంచుతోంది. లోపల అతను గొడుగు పట్టుకుని నిలబడే ఉన్నాడు, చింగ్‌లాం గుచ్చిన ముత్యాన్నే మళ్లీ గుచ్చుతోంది. వీళ్లకి వదిలేస్తే ఇంకో సంవత్సరం దారం ధర మాట్లాడుకుంటారని నాకు భయం పట్టుకుంది.

"నాయనా, ఆదివారం మీ అమ్మని తీసుకుని హోటల్‌కి డిమ్‌సమ్ ఫలహారానికి రా" అన్నాను. "పదకొండింటికి. ఈ పిల్ల అమ్మా నాన్నా కూడా వస్తారు."

చింగ్‌లాం మొహం ఎర్రబడింది కానీ కాదనలేదు.

"తొమ్మిదింటికే వచ్చేస్తాం బామ్మగారూ" అన్నాడు హోక్‌మన్, ఎట్టకేలకు కుర్చీలో కూర్చుంటూ.