మాస్టారి పది కార్డులు

"ఈ చేతిరాత ఎవరిది?"

రాయ్‌పూర్ సేఫ్ హౌస్‌లో చీఫ్ ఇందుమతి స్క్రీన్ మీద ఒక కార్డు చూపించింది. 'సోదరుడు' అనే మాట రష్యన్‌లో, పోలిష్‌లో, సెర్బియన్‌లో, బల్గేరియన్‌లో. పక్కన గుండ్రటి తెలుగు అక్షరాలు.

ఏజెంట్ కౌండిన్య వెంటనే గుర్తుపట్టాడు. "గురునాథరావు మాస్టారిది. భిలాయి ప్లాంట్‌లో రష్యన్ ఇంటర్‌ప్రెటర్‌గా చేసి రిటైరయ్యారు. స్లావిక్ భాషలన్నీ ఒకే తల్లి పిల్లలని చూపిస్తూ నలభై ఏళ్ళుగా నిఘంటువు రాస్తున్నారు."

"ఇప్పుడది శత్రువు కోడ్. నాలుగింటికి నేవీ ఉక్కు ప్లేట్ల స్పెషల్ రేక్, గూడ్సు బండి, కుమ్హారి స్టేషన్ దాటుతుంది. పట్టాలు పేలుస్తారు. సరిగ్గా ఎక్కడ, ఏ నిమిషానికి అన్నది పది కార్డుల్లో ఉంది. కావాలని పెట్టిన తప్పు మాటలే మెసేజ్. పండితుడి రాతలో ఉంటే ఎవడూ అనుమానించడు."

"రేక్ ఆపేద్దాం మేడమ్."

"ఆపితే ముఠా మాయం. మన సోర్స్ మిలేనా, ఒక పండితుడి దగ్గర రీసెర్చర్ వేషంలో ఉంది. రెండు వైపులా పనిచేస్తుంది, మనకి సగమే చెబుతుంది. నువ్వెళ్ళి మీ మాస్టారిని పట్టుకురా. దేశద్రోహం కేసు."

కౌండిన్య అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. భిలాయిలోని ఖుర్సీపార్ బస్తీలో అతను వెల్డర్ కొడుకు రాజాబాబు. మాస్టారి వరండాలో రష్యన్ నేర్చుకునే ఇంతవాడయ్యాడు. ఆయన ద్రోహి అంటే నమ్మలేకపోయినా జీపు తీశాడు.

రెండున్నరకి ఖుర్సీపార్‌లో పాత సామాన్లు కొనే కబాడీవాడు ఒకడు బండి ఆపాడు. గుబురు గడ్డం, చొక్కా గుండీలో కెమెరా. మాస్టారి భార్య గున్నమ్మ గుమ్మంలోకి వచ్చి ఒక్క క్షణం చూసింది.

"రాజాబాబూ, ఏటిరా ఈ ఏసం?"

పదకొండేళ్ళ ట్రైనింగ్ గంగలో కలిసింది. ఇంతలో లోపల వెలుగుతున్న దీపం, పక్కన మాస్టారి కళ్ళజోడు కనిపించాయి.

"నిన్న పొద్దుట ఎల్లిపోనారు బాబూ. కార్డులు రాస్తా రాస్తా ఒరిగిపోనారు."

కబాడీవాడు గడప మీద కూలబడి ఏడ్చాడు. గడ్డం ఊడి ఒళ్ళో పడినా తీసుకోలేదు.

"నలబై ఏళ్ళు రాసినారు. ఒక్కరూ సదవనేదు. మా పిల్లలు హిందీయే మాటాడతారు, ఈళ్ళకి రష్యా గోలెందుకు? ఆ మిలేనా అచ్చేకే ఆయన మొకంలో కళొచ్చింది. నిన్న నాతోపాటే ఏడ్సి, సాపు రాసినవి అట్టుకెల్లింది. అది తెచ్చినవి ఇయిగో."

పది టైపు కార్డులు. ప్రతిదాని మీదా ఎర్ర సిరా. చూసి తన చేత్తో సాపు రాయడమే మాస్టారి పని. ఆయన ఒక్కో తప్పునూ కొట్టేసి సరైన మాట రాశారు. సోదరుడి కార్డు మీద చీవాట్లు కూడా ఉన్నాయి: "అంతటా బ్రాత్, మన భ్రాత. ఇల్లు మారినంత మాత్రాన ముక్కు మారుతుందా అమ్మాయీ?"

ఆయనకు కోడ్ సంగతే తెలియదు. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేరు, అంతే. కానీ మిలేనాకు అన్నీ తెలుసు. ఆ తప్పుల్ని మళ్ళీ రాసి ఇచ్చి ఉంటే?

టైము మూడూ పది. ట్రాకర్ మిలేనా ఫోన్‌ను కుమ్హారి స్టేషన్ బయట చూపిస్తోంది. కౌండిన్య జీపు ఎక్కాడు.

నాలుగింటికి రెండు నిమిషాలుందనగా చేరాడు. టీ కొట్టు బల్ల దగ్గర ముఠా మనిషి నరసింగరావు భూతద్దంతో కార్డులు తిరగేస్తున్నాడు. కాళ్ళ దగ్గర బరువైన సంచి. తప్పు కోసం వెతుకుతున్నాడు పాపం, మాస్టారి కార్డుల్లో!

రేక్ దడదడమంటూ అతని ముందు నుంచే వెళ్ళిపోయింది. వాడు తలెత్తేసరికి కౌండిన్య పిస్టల్ మెడకు తగిలింది.

బెంచీ మీద మిలేనా కదల్లేదు. ఎర్ర చీర, నల్ల కళ్ళద్దాలు. కౌండిన్య రష్యన్‌లో అడిగాడు. "తప్పులు మళ్ళీ ఎందుకు రాయలేదు?"

"రాద్దామనే కూర్చున్నాను. నీళ్ళ కార్డులో మా భాష వరసలో దొంగ మాట పెట్టింది నేనే. ఆయన కొట్టేసి, మా అమ్మమ్మ అనే మాట రాశారు. దాన్ని మళ్ళీ చెరపడానికి చెయ్యి రాలేదు." కళ్ళద్దాలు తీసింది. "అమ్మమ్మ నన్ను మిలేనా అని పిలిచేది కాదు."

మాస్టారి మీద కేసు లేదు. నిఘంటువు మాత్రం సాక్ష్యంగా సీలైంది, టాప్ సీక్రెట్. గున్నమ్మ ఒకే ఒక్కటి అడిగింది. "ఎవరైనా సదివినారా బాబూ?"

"సదివినారు అమ్మా," అన్నాడు రాజాబాబు. అబద్ధం కాదు. ఇప్పటికి పాఠకులు ఇద్దరు, తనూ మిలేనా. ఇద్దరివీ దొంగ పేర్లే.