ముడత లేని చక్రం

"నువ్వొక టోరాయిడ్ చెయ్యాలి," అన్నాడు చీఫ్.

"అదేం బాంబు సార్?" అడిగాడు ఏజెంట్ పదిహేడు.

"బాంబు కాదయ్యా. టెస్లా కాయిల్ నెత్తిన పెట్టే లోహపు చక్రం. ఆ కాయిళ్ళతో ఇళ్ళల్లో మెరుపులు పుట్టించే పిచ్చోళ్ళ క్లబ్బొకటుంది. నాలుగు నెలల్లో వాళ్ళ ప్రదర్శన. ముఖ్య అతిథిగా వచ్చే శాస్త్రవేత్తని విదేశీ ముఠా లేపెయ్యబోతోంది. ముఠా మనిషి క్లబ్బులోనే తిరుగుతున్నట్టు కబురు. మెంబరుగా చేరు. ఎవరితోనూ చనువు పెట్టుకోకు."

ఆ చివరి మాట చెప్పక్కర్లేదు. పదిహేడుకి చనువైన మనుషులెవరున్నారు గనక! పదేళ్ళలో పదకొండు పేర్లు మార్చాడు. సొంత పేరుతో పిలిచే గొంతు ఒక్కటీ మిగల్లేదు.

మిక్సీ మెకానిక్ వేషంలో గది అద్దెకు తీసుకున్నాడు. థర్మోకోల్‌ని సైకిల్ ట్యూబులా గుండ్రంగా కోసి, జిగురు కాగితాలు అతికించి, గరుకు కాగితంతో రుద్ది, పైన అల్యూమినియం టేపు వెయ్యాలి. చక్రం నున్నగా ఉంటేనే కరెంటు నిలుస్తుంది. ఎక్కడ మొన తేలితే అక్కణ్ణించే మెరుపు దూకుతుంది. ఒంటరిగా వేస్తే టేపు ముడతలు పడి చచ్చేది. వారాల తరబడి అతను మాట్లాడింది ఆ ముడతలతోనే, అవీ తిట్లే.

అప్పుడొచ్చింది అతని గదికి, క్లబ్బు మెంబరైన పళ్ళ డాక్టరమ్మ. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, క్లబ్బులో అందరి చూపులూ ఆమె మీదే.

"ఇదేం ఖర్మండీ, ఇస్త్రీ లేని చొక్కాలా! ఇటివ్వండి," అని తన పళ్ళ పనిముట్టుతో టేపుని చక్కగా అదిమేసింది. ఇక రోజూ సాయంత్రం వచ్చేది. అతను చక్రం తిప్పేవాడు, ఆమె అతికించేది.

"రోజంతా ఎవరితో మాట్లాడతారండీ?" అంది ఒకసారి.

"మిక్సీలతో."

"నయం. నా దగ్గరకొచ్చేవాళ్ళంతా నోరు తెరిచే ఉంటారు, ఒక్కరూ మాట్లాడలేరు!"

పదిహేడు ఎన్నాళ్ళకో పగలబడి నవ్వాడు. రిపోర్టులో ఆమె పేరు పక్కన "అనుమానం లేదు" అని రాశాడు. ఉద్యోగంలో చేరాక రాసిన మొదటి అబద్ధం అది. అనుమానం ఉంది. కానీ ఆమె రాని సాయంత్రం తలుచుకుంటేనే గది మింగేసేలా ఉండేది.

ప్రదర్శన రోజు హాలు కిక్కిరిసింది. అతని చక్రం క్లబ్బులోకెల్లా పెద్ద కాయిల్ మీదకెక్కింది. చెవిలో ఇయర్‌పీస్‌లోంచి చీఫ్ గొంతు గరగరలాడింది.

"పదిహేడూ! ముఠా మెసేజ్ దొరికింది. 'ఆయుధం వద్దు, మెరుపే పని చూసుకుంటుంది.' ఏమైనా అర్థమైందా?"

వేదిక మీద డాక్టరమ్మ శాస్త్రవేత్త కుర్చీని కాయిల్‌కి దగ్గరగా లాగుతోంది. "ఇటు కూర్చోండి సార్, బాగా కనబడుతుంది."

పదిహేడుకి చటుక్కున గుర్తొచ్చింది. నిన్న ఆఖరి టేపు పట్టీ తనే వేస్తానని పట్టుబట్టింది!

"పది... తొమ్మిది..." క్లబ్బు సెక్రటరీ లెక్క మొదలెట్టాడు.

పరుగున వేదికెక్కి చక్రం చుట్టూ బొటనవేలు పోనిచ్చాడు. నునుపు, నునుపు, నునుపు. చురుక్కుమంది. టేపులోంచి సూది మొన, సరిగ్గా కుర్చీకేసి. పీకే టైము లేదు.

"మూడు... రెండు..."

చక్రాన్ని సగం చుట్టు తిప్పి కిందకి దూకేశాడు.

ఫెళ్ళుమంది! మెరుపు వెళ్ళి వెనకున్న ఇనుప షట్టరుని కొట్టింది. శాస్త్రవేత్త లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, ఆయనకేం తెలుసు పాపం.

గుమ్మం దగ్గర, పోలీసుల మధ్య బేడీలతో ఆమె ఆగింది. "నా మీద అనుమానం ఎప్పుడొచ్చింది?"

"మొదటి వారమే."

"మరి రోజూ తలుపెందుకు తీశారు?"

పదిహేడు జీపు తలుపు తీశాడు. జీపు వెళ్ళిపోయింది.

లోపల మైకు మోగింది. "టోరాయిడ్ విభాగంలో మొదటి బహుమతి మన మిక్సీ మాస్టారికి! రండి మాస్టారూ, ఫోటోకి మీ వాళ్ళనీ పిలవండి!"

"ఉన్న ఒక్క మనిషీ ఇప్పుడే జీపెక్కిందండీ," అన్నాడు పదిహేడు. "మీరే కాస్త పక్కన నిలబడండి."