కొంపల్లిలో కనిపించిన అమెరికా

"షామీర్‌పేట చెరువు పక్కన మన రక్షణ శాఖ రహస్య స్థావరం ఉంది. దాన్ని ఎవడో పైనుంచి ఫొటో తీశాడు. శుక్రవారం అది దేశం దాటుతుంది. దాటకూడదు," అన్నాడు చీఫ్ జోగారావు. "ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఒకరున్నారు. పేరు చెప్పను. చెబితే నీ కళ్ళే పట్టిస్తాయి."

2003. ఏజెంట్ అరుణ్ కొంపల్లిలో, ఆ ముఠా వాడుకుంటున్న ఒక మ్యాపింగ్ కంపెనీలో ఆపరేటర్‌గా చేరాడు. విమానాల్లోంచి తీసిన అమెరికా ఏరియల్ ఫొటోల మీద ఇళ్ళూ రోడ్లూ గీసి ఇంటర్నెట్‌లో తిరిగి పంపడం అక్కడి పని.

పక్క సీటు సుచిత్రది. మేడ్చల్ దగ్గర రావల్కోల్ అమ్మాయి. లిప్‌స్టిక్, హైహీల్స్‌తో మేనేజర్ హేమచంద్ కారులోంచి దిగేది. అరుణ్ అనుమానమంతా ఆమె మీదే. ఫొటోల్లో ఎత్తుపల్లాలు చూపించే ఎరుపు నీలం త్రీడీ కళ్ళద్దాలు పెట్టుకుంటే మాత్రం చిన్నపిల్లయిపోయేది.

"గిటు సూడు, గెటిస్‌బర్గ్. వాళ్ళ అన్నదమ్ముల యుద్ధమైన జాగ. ఎంతమంది సచ్చిన్రో! మీదికెళ్ళి సూస్తే మా మక్కచేను లెక్కనే ఉంది."

"విమానం ఎక్కావా ఎప్పుడైనా?"

"యాడిది? ఒక్కపారి కిటికీ కాడ కూసోవాలె. నేను గీసిన ఊర్లు నిజంగ ఉన్నయో లేవో సూడాలె."

శుక్రవారం లంచ్‌కు వెళ్ళిన సుచిత్ర తిరిగి రాలేదు. అప్‌లోడ్ మొదలైంది. వేల అమెరికా ఫొటోల మధ్య దాచిన ఆ ఒక్కటి ఏదని వెతకాలి?

ఆమె స్క్రీన్ మీద ఒక ఫొటో తెరిచే ఉంది. పేరు అరిజోనా. బండరాళ్ళు, ఎర్రమట్టి, నీళ్ళు. నమ్మొచ్చు. కానీ రోడ్డు మీద లారీలన్నీ ఎడమవైపున పోతున్నాయి. అమెరికాలో బండ్లు నడిచేది కుడివైపు!

అరుణ్ కేబుల్ పీకేసరికి అప్‌లోడ్ చివరి గడి దగ్గరుంది.

"సుచిత్రను ఆ ఫొటో అద్దంలోలా తిప్పి పెట్టమన్నాను! తిప్పానంది!" వెనక నుంచి వచ్చిన హేమచంద్ పిస్టల్ తీశాడు. అది పేలేలోపు అరుణ్ మానిటర్‌ను అతని మీదికి తోసి, మెడ పట్టి కింద పడేశాడు.

సాయంత్రం సుచిత్ర మేడ్చల్ రోడ్డు పక్కన శవమై దొరికింది. లారీ గుద్దిందన్నారు.

"ఆ అమ్మాయే మన మనిషి," అన్నాడు జోగారావు ఫోన్లో. "గుట్టు తెలిసి చంపేశారు."

అరుణ్ ఫోన్ పట్టుకునే ఏడ్చాడు. ఏడవకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు గానీ, ఎలా ఆపుకోవాలో ఎవరూ నేర్పలేదు.

మరుసటి ఏడు ఇంకో మిషన్. విమానం కిటికీలోంచి ఎర్రటి లోయ, దాని అడుగున సన్నటి నది, ఆ తర్వాత గళ్ళుగళ్ళుగా చేలు. అన్నీ అతనికి తెలిసినవే.

"ఉన్నాయి సుచిత్రా. అన్నీ ఉన్నాయి," అన్నాడు మెల్లగా.

"అమెరికా చూడటం మొదటిసారా సార్?" ఎయిర్‌హోస్టెస్ నవ్వుతూ అడిగింది.

"కాదు. ఇదివరకు కొంపల్లిలో చూశాను."